అర డాలరు చందా, రాజ్యాంగ వ్యాజ్యము
(స్మారకోపన్యాస పాఠము)



ఎవరి స్మృత్యర్థము మనమేటేట ఇచ్చట సమావేశమగుచున్నామో ఆ పెద్దలు వృత్తిచేత న్యాయవాదులు, ప్రవృత్తిచేత తమ యూరి బడికి సంరక్షకులు. వారి గుణవర్ణనము నాకు పూర్వము ఈ వేదికపై మాటలాడినవారు నాకంటె చక్కగా చేసియున్నారు గనుక ఆ పనికి మరల పూనుకొనక, వారి మనస్సునకు సన్నిహితములైన న్యాయస్థానము, పాఠశాల అను రెండును కలిసికొనిన ఒక వృత్తాంతమును మీ ముందుంచుటయే వారికి తగిన నివాళి యగునని భావించితిని. అది అమెరికాలోని కెంటకీ రాష్ట్రమున జరిగినది. 66 బీద స్కూలు డిస్ట్రిక్టులు విద్యార్థికి అర డాలరు చొప్పున చందా వేసికొని, తమను సృష్టించిన రాష్ట్రప్రభుత్వముపైననే దావా వేసి గెలిచిన కథ యది.

ఇంత దూరపు సంగతి మనకేల యని కొందరనుకొందురేమో. ఈ సభలో ముందు వరుసలలో కూర్చున్న పెద్దలలో పలువురి బిడ్డలు టెక్సాసులోనో, ఒహాయోలోనో, న్యూజెర్సీలోనో కాపురముండి, ఇల్లు కొనబోవునపుడు తూర్పువాకిలి సంగతి విచారించుటకు ముందే అది ఏ స్కూలు డిస్ట్రిక్టులోనిదని విచారించుచున్నారు. వాస్తుశాస్త్రమును సైతము వెనుకకు నెట్టిన ఆ విచారణలోనే నేను చెప్పబోవు వ్యాజ్యమునకు బీజము కలదు.

అచ్చటి స్కూలు డిస్ట్రిక్టు మన రెవెన్యూ జిల్లా వంటిది కాదు. కొన్నిచోట్ల కౌంటీ యంతయు ఒక డిస్ట్రిక్టు. కొన్నిచోట్ల ఒక పట్టణమో, ఒక పేటయో మాత్రమే డిస్ట్రిక్టు. సాధారణముగ దానికి ప్రజలెన్నుకొనిన బోర్డు, ఆ బోర్డు నియమించిన సూపరింటెండెంటు, ఆస్తిపన్ను రాబట్టుకొను అధికారము, తన పేరిట ఒప్పందములు చేసికొనుటకును, కోర్టులో వాదిగనో ప్రతివాదిగనో నిలుచుటకును తగిన శాసనవ్యక్తిత్వము కలవు. బడి ఖర్చులో కొంత రాష్ట్రమును, స్వల్పభాగము కేంద్రమును ఇచ్చినను, గణనీయమైన భాగము ఆ చుట్టుప్రక్కల ఇండ్లపై, పొలములపై, కర్మాగారములపై వేసిన పన్నునుండియే రావలయును. కావున ఆస్తి విలువ హెచ్చుగ నున్న చోట కొలదిపాటి పన్నుతోనే బొక్కసము నిండును. విలువ తక్కువగ నున్న చోట ప్రజలు నడుము విరుగునట్లు పన్ను కట్టినను బడి పైకప్పు కురియుచునే యుండును.

ఇది నేను ఊహించి చెప్పుట కాదు. టెక్సాసులోని శాన్ ఆంటోనియో నగరప్రాంతములో ఎడ్జ్‌వుడ్, అలామో హైట్స్ అను రెండు డిస్ట్రిక్టులు కలవు. 1967-68లో ఎడ్జ్‌వుడ్ ప్రజలు నూరు డాలర్ల ఆస్తికి 1.05 డాలర్ల చొప్పున పన్ను కట్టగా, రాష్ట్రకార్యక్రమమునకు చెల్లవలసిన వంతు పోను, స్థానికముగ విద్యార్థికి వచ్చినది 26 డాలర్లు. అలామో హైట్స్ వారు నూటికి 85 సెంట్లు మాత్రమే కట్టగా వచ్చినది 333 డాలర్లు. ఎక్కువ రేటున కట్టినవారికి తక్కువయు, తక్కువ రేటున కట్టినవారికి ఎక్కువయు దక్కు ఈ గణితమును ఎడ్జ్‌వుడ్ తల్లిదండ్రులు సహింపలేకపోయిరి. 1968లో అచ్చటి హైస్కూలు విద్యార్థులు తరగతులు విడిచి వీధికెక్కిరి. డిమెట్రియో రోడ్రిగెజ్ అను తండ్రి మరికొందరితో కలిసి దావా వేసెను. అది ఐదేండ్లకు, 1973లో, దేశపు అత్యున్నత న్యాయస్థానమున ఐదుగురికి నలుగురుగ చీలి యోడిపోయినది. విద్య ఎంత గొప్పదైనను అది ఫెడరల్ రాజ్యాంగము హామీ యిచ్చిన మౌలికహక్కు కాదని మెజారిటీ తీర్పు. ఆ తీర్పు వ్రాసిన జస్టిస్ లూయిస్ పవెల్ పూర్వాశ్రమమున రిచ్‌మండ్ నగర స్కూలుబోర్డుకు అధ్యక్షుడు. దీర్ఘమైన అసమ్మతి తీర్పు వ్రాసిన జస్టిస్ థర్‌గుడ్ మార్షల్ పూర్వాశ్రమమున నల్లజాతి బాలల పక్షమున బడుల వ్యాజ్యములను నడపిన న్యాయవాది. వారి వారి పూర్వాశ్రమములు వారిని విడిచిపోలేదని నా అభిప్రాయము.

ఢిల్లీలో తలుపు మూసికొన్నచో మనకు వేరొక తలుపు లేదు. అమెరికాలో అట్లు కాదు. ప్రతి రాష్ట్రమునకును తన రాజ్యాంగము, తన సుప్రీంకోర్టు కలవు. ఆ రాజ్యాంగములలో బడులను గూర్చిన వాక్యములు కలవు. కెంటకీ రాజ్యాంగము 183వ సెక్షను, రాష్ట్రమంతట సమర్థమైన సార్వజనిక పాఠశాలావ్యవస్థను శాసనసభ తగిన చట్టములచేత ఏర్పరుపవలయునని విధించుచున్నది. ‘సమర్థమైన’ అను ఆ యొక్క విశేషణము చుట్టును దాదాపు ఒక శతాబ్దమునకు పిమ్మట అంత పెద్ద వ్యాజ్యము అల్లుకొనునని 1891లో దానిని వ్రాసినవారు ఊహించియుండరు.

అయితే హక్కు పుస్తకములో నుండుట వేరు, దానిని కోర్టుమెట్ల వరకు మోసికొనిపోవుట వేరు. ఇట్టి వ్యాజ్యమునకు ఒక సాక్షి, ఒక దస్తావేజు చాలవు. రాష్ట్రములోని డిస్ట్రిక్టులన్నిటి ఆస్తివిలువలు, పన్నురేట్లు, ఉపాధ్యాయుల జీతములు, గ్రంథాలయములలోని పుస్తకములు, బోధింపబడని శాస్త్రపాఠములు లెక్కగట్టవలయును. ఆ లెక్కలను ఎదురుపక్షము వారి నిపుణుల ప్రశ్నలకు తట్టుకొనునట్లు నిలువబెట్టవలయును. ఆర్థికశాస్త్రజ్ఞులకు, లేఖకులకు, నకళ్లకు, ప్రయాణములకు ధనము కావలయును. అప్పీలుమీద అప్పీలు నడుచుచుండగా సంవత్సరముల కొలది ఓపిక కావలయును. ధనమెట్లున్నను, ఒక తండ్రి ఒంటరిగ ఇట్టి దావా వేసినపుడు అంతకంటె పెద్ద చిక్కొకటి కలదు: దావా తేలులోపల బిడ్డ పెద్దదై బడి విడిచిపోవును. రెండవతరగతి బాలుని పేరిట వేసిన వ్యాజ్యమునకు అతడు పట్టభద్రుడైన పిమ్మట తీర్పు వచ్చుట వింత కాదు. బోర్డు అట్లు కాదు. సభ్యులు మారుదురు, సూపరింటెండెంట్లు మారుదురు, బోర్డు మాత్రము అచ్చటనే యుండును. ప్రభుత్వమునకు గల దీర్ఘాయువునకు సమానమైన దీర్ఘాయువు గల వాది ప్రజలపక్షమున దొరకుట అరుదు. స్కూలు డిస్ట్రిక్టు అట్టి వాది.

ఉమ్మడినిధితో వ్యాజ్యములు నడపుట అమెరికాలో కొత్త కాదు. నల్లజాతివారి పురోగమనసంఘము 1940లో ప్రత్యేకముగ ఒక న్యాయనిధిని స్థాపించినది. జాతిని బట్టి బడులను వేరుచేయుట చెల్లదన్న 1954 నాటి చరిత్రాత్మకమైన బ్రౌన్ తీర్పు ఆ నిధి న్యాయవాదుల కృషిఫలమే. కాని ఆ వ్యాజ్యములో టొపీకా నగర స్కూలుబోర్డు ప్రతివాది. వేరుచేసిన బడులను సమర్థించుకొనుటకు నాడు బోర్డులు కోర్టుకెక్కినవి. కొన్ని దశాబ్దములకే బోర్డులు వాదుల బల్లవైపునకు నడచివచ్చి కూర్చొనుటలో చరిత్ర యొక్క చమత్కారము కొంత లేకపోలేదు.

ఇక కెంటకీకి పోవుదము. తూర్పు కెంటకీ కొండల దేశము. కొండలక్రింద బొగ్గు, కొండలపైన దారిద్ర్యము. భూమిలో త్రవ్వక మిగిలియున్న బొగ్గుపై ఆస్తిపన్ను కేవలము నామమాత్రముగ నుండునట్లు శాసనసభ 1978లో ఏర్పాటు చేయగా, అది రాజ్యాంగవిరుద్ధమని రాష్ట్ర సుప్రీంకోర్టు 1988లో కొట్టివేయు వరకు, కాళ్లక్రింద నున్న ఐశ్వర్యము కంటికెదుట నున్న బడికి అక్కరకు రాలేదు. ఆస్తులను పూర్తి విలువకు లెక్కగట్టవలయునని 1965లో న్యాయస్థానము చెప్పగా, ఆ మేరకు రేట్లు తగ్గించి రాబడిని యథాస్థానమున నిలిపిన చట్టమొకటి వెంటనే వచ్చినది. 1979లో ఆస్తిపన్ను రాబడి ఏటికి నూటికి నాలుగుకంటె పెరుగరాదని మరియొక చట్టము వచ్చినది. హైస్కూలు చదువు ముగించిన వయోజనుల నిష్పత్తిలో కెంటకీ దేశములో అట్టడుగున నుండెను.

రాష్ట్ర విద్యాశాఖలో పనిచేసి ఈ లెక్కల లోతుపాతులు ఎరిగిన ఆర్నాల్డ్ గెస్ అను ఆయన 1984లో కొందరు సూపరింటెండెంట్లను కూర్చుండబెట్టి మాటలాడెను. ఆ మాటల ఫలముగ కౌన్సిల్ ఫర్ బెటర్ ఎడ్యుకేషన్ అను లాభాపేక్ష లేని సంస్థ వెలసినది. నూట డెబ్బదికి పైబడిన డిస్ట్రిక్టులలో 66 అందులో చేరినవి. సభ్యత్వపు చందా, దినదినము బడికి వచ్చు విద్యార్థుల సగటు సంఖ్యను బట్టి, తలకు 50 సెంట్లు. మన యిండ్లలో వంటకు బియ్యము కొలుచునపుడు ఒక పిడికెడు వేరొక కుండలో వేసి, నెల నిండిన పిదప ఆ కుండలను బడికో మఠమునకో ఒప్పగించు ఆచారము ఒకనాడు కలదు. ఈ యర డాలరు ఆ జాతిలోనిదే. పిడికెడు బియ్యముతో ఏ యింటివారును పస్తుండరు. కుండలన్నియు చేరిననాడు మాత్రము పదిమందికి అన్నమగును. పెద్ద డిస్ట్రిక్టు పెద్ద మొత్తమును, చిన్నది చిన్న మొత్తమును ఇచ్చును. ఏ యొక్కటియు తానే మోయుచున్నానని అహంకరించుటకు గాని, తానేమియు మోయుట లేదని సిగ్గుపడుటకు గాని తావుండదు.

నిధి చేరినది, నాయకుడు కావలయును. వారు ఆశ్రయించినది బెర్ట్ కూంబ్స్‌ను. ఆయన 1911లో అదే కొండసీమలోని క్లే కౌంటీలో జన్మించి, 1959 నుండి 1963 వరకు రాష్ట్ర గవర్నరుగ నుండి, పిమ్మట ఫెడరల్ అప్పీలు కోర్టు న్యాయమూర్తిగ పనిచేసి, ఆ పదవిని వదలుకొని మరల న్యాయవాదవృత్తికి వచ్చినవాడు. గవర్నరుగ 1960లో నూటికి మూడు వంతున అమ్మకపు పన్ను వేయించి, దాని రాబడిలో పెద్దభాగమును బడులకు మళ్లించినవాడు. శాసనసభలోని పెద్దలందరును ఆయనకు పాతమిత్రులే. వారిపైననే దావా నడపుటకు ఆయన మొదట సంకోచించెను. సంకోచము తీరిన పిదప మాత్రము ఫీజు పుచ్చుకొనక నడపెను. ఈ యంశమును దాచుట న్యాయము కాదు: అర డాలర్ల నిధి సాక్షులకును కాగితములకును సరిపోయినదన్నచో, అందుకు ఒక కారణము మహాన్యాయవాది యొకడు ఉచితముగ దొరకుట. అట్టి అదృష్టము ప్రతి వ్యాజ్యమునకును ఉండదు. నిధులను గూర్చి ఆశావాదముతో వ్రాయువారు కూంబ్సును లెక్కలోనుండి తీసివేసి చూడవలయును.

1985 నవంబరులో రాజధాని యగు ఫ్రాంక్‌ఫర్టులోని ఫ్రాంక్లిన్ సర్క్యూట్ కోర్టులో దావా దాఖలైనది. వాదులు కౌన్సిల్, ఏడు డిస్ట్రిక్టుల బోర్డులు, 22 మంది విద్యార్థులు. కొండసీమలోని నాక్స్, మక్రియరీ, మార్గన్, వుల్ఫ్ కౌంటీల బోర్డులు వారిలోనివి. ప్రతివాదులు గవర్నరు మొదలు శాసనసభాధ్యక్షుల వరకు రాష్ట్రపు పెద్దలు. కూంబ్సు వాదనలో ఒక నేర్పు కలదు. ధనిక డిస్ట్రిక్టులనుండి తీసికొని బీదవాటికిండని ఆయన అడుగలేదు. అట్లడిగియున్నచో రాష్ట్రము రెండుగ చీలియుండెడిది. వ్యవస్థ యంతయు సమర్థముగ లేదు, ధనికుల బడులు సైతము పొరుగు రాష్ట్రములతో పోల్చిన చిన్నబోవుచున్నవి, అందరిని లేవనెత్తుడని అడిగెను. ప్రజాభిప్రాయమును సిద్ధము చేయుటలో ప్రిచర్డ్ కమిటీ యను పౌరసంఘము చేసిన పనియు స్మరింపదగినది. 1984 నవంబరులో ఒక్క రాత్రి రాష్ట్రమంతట ఆ సంఘము జరిపిన సభలకు దాదాపు 20,000 మంది వచ్చిరి.

జడ్జి రే కార్న్స్ 1988లో వాదుల పక్షమున తీర్పు చెప్పగా, గవర్నరు అప్పీలునకు పోలేదు. శాసనసభ ఉభయశాఖల నాయకులు జాన్ రోజ్, డొనాల్డ్ బ్లాండ్‌ఫర్డ్ మాత్రమే పోయిరి. అందువలననే ఆ వ్యాజ్యము నేటికిని న్యాయగ్రంథములలో రోజ్ పేరిట నిలిచియున్నది. ఓడినవాని పేరు చిరస్థాయి యగుట న్యాయశాస్త్రములోనే చూడగలము.

అప్పీలులో వచ్చిన వాదములలో నేటి మన ప్రసంగమునకు కీలకమైనది ఒకటి. ప్రతివాదులు ఏమనిరనగా: డిస్ట్రిక్టులు రాష్ట్రముచేత సృష్టింపబడినవి, సృష్టికర్తపై సృష్టి దావా వేయుట చెల్లదు, పైగా పిల్లల చదువునకై ప్రజలు కట్టిన పన్నును ఒక ప్రైవేటు సంస్థకు చందాగ ఇచ్చి, దానితో ప్రభుత్వముపైననే వ్యాజ్యము నడపుట ప్రజాధనమును దుర్వినియోగము చేయుటయే. తేలికగ త్రోసివేయదగిన వాదము కాదిది. మనలో లెక్కలు పరీక్షించు ఉద్యోగము చేసినవారికి వెంటనే నచ్చును కూడ. కాని న్యాయస్థానము ఒప్పుకొనలేదు. బోర్డులకు దావా వేయుటకును, దావాకు లోబడుటకును, తాము ఏర్పడిన ప్రయోజనమునకు అవసరమైన పనులు చేయుటకును చట్టమే అధికారమిచ్చినది. పిల్లలకు చదువు చెప్పించుట ఆ ప్రయోజనము. చదువు చెప్పించుటకు చాలినంత ధనమీయని వ్యవస్థను ప్రశ్నించుట ఆ ప్రయోజనమునకు వెలుపలిది కాదు. కనుక చందాయు చెల్లును, సంస్థయు చెల్లును, దావాయు చెల్లును. కెంటకీలో విద్యను మార్చిన తీర్పులోని మిగిలిన పుటలన్నియు ఈ కొన్ని పేరాల పునాదిపై నిలిచినవని నేనందును. ఇచ్చట కాదనియున్నచో అచ్చట వినువాడు లేకపోయెడివాడు.

1989 జూన్ 8వ తేదీన ప్రధానన్యాయమూర్తి రాబర్ట్ స్టీఫెన్స్ వ్రాసిన ఆ తీర్పు, ఒక చట్టమునో ఒక రేటునో కొట్టివేయక, కెంటకీ పాఠశాలావ్యవస్థ యంతయు రాజ్యాంగవిరుద్ధమని ప్రకటించినది. బోర్డుల నిర్మాణము, విద్యాశాఖ, ధనపంపిణీ, ఉపాధ్యాయుల అర్హతాపత్రముల విధానము, ఒక్కటియు మిగులలేదు. దానితో నూరుకొనక, చదువుకొనిన బిడ్డకు ఏయే శక్తులు అలవడవలయునో ఏడింటిని లెక్కించి చెప్పినది. మాటలాడుటకును వ్రాయుటకును తగిన నేర్పు, దేశపు ఆర్థిక సామాజిక రాజకీయ వ్యవస్థల యెరుక, ప్రభుత్వము నడచు తీరు యొక్క అవగాహనము, తన శరీరమనస్సుల ఆరోగ్యమును గూర్చిన జ్ఞానము, కళలతో పరిచయము, పైచదువునకో వృత్తికో తగిన సన్నాహము, పొరుగు రాష్ట్రముల పిల్లలతో సరితూగగల సామర్థ్యము. న్యాయమూర్తులు పాఠ్యప్రణాళికలు వ్రాయవచ్చునా యని ఆక్షేపించినవారు కలరు. నాకును ఆ యనుమానము కొంత కలదు. అయినను 1993లో మసాచుసెట్స్ న్యాయస్థానమును, 2014లో కాన్సస్ న్యాయస్థానమును ఆ ఏడింటినే తమ తీర్పులకు కొలబద్దగ గైకొనినవి. బీద డిస్ట్రిక్టుల అర డాలర్లు తమ రాష్ట్రపు టెల్లలు దాటి ఎంత దూరము పోయినవో చూడుడు.

ఇల్లు అలుకగనే పండుగ కాదు. తీర్పు ధనమును ముద్రింపజాలదు; పన్ను వేయవలసినది శాసనసభయే. ఇచ్చట కెంటకీ ధన్యమైనది. పదినెలలలో, 1990 ఏప్రిలులో, నూతన విద్యాచట్టముపై గవర్నరు వాలెస్ విల్కిన్సన్ సంతకము చేసెను. అమ్మకపు పన్ను నూటికి ఐదునుండి ఆరునకు పెరిగినది. బీద ధనిక డిస్ట్రిక్టుల నడుమ వ్యయములో నున్న అగాధము తరువాతి సంవత్సరములలో చాలవరకు పూడినది. కూంబ్సు ఆ ఫలమును అనుభవింపక, 1991 డిసెంబరులో తన కారు వరదలో చిక్కుకొనగా కాలధర్మము నొందెను. చందా ఇచ్చిన 66 డిస్ట్రిక్టులకును, ఇయ్యక చూచుచు కూర్చున్న తక్కిన నూటికి పైబడిన డిస్ట్రిక్టులకును ఆ చట్టము సమానముగనే వర్తించినది. ఉమ్మడి వ్యాజ్యములలో నిది తప్పని ధర్మసంకటము: మోసినవారు కొందరు, తినినవారందరు.

ఆవలి యొడ్డున ఒహాయో కలదు. రెండు రాష్ట్రముల నడుమ నది యొక్కటే అడ్డు. అచ్చటను డిస్ట్రిక్టులు కూటమి కట్టినవి. కెంటకీకంటె ఎంతో పెద్ద కూటమి, 500కు పైబడిన డిస్ట్రిక్టుల మద్దతు గలది. 1991లో పెర్రీ కౌంటీలో డిరాల్ఫ్ అను వాది పేరిట దావా వేసి, 1997లో రాష్ట్ర సుప్రీంకోర్టులో నలుగురికి ముగ్గురుగ గెలిచినది. ఆస్తిపన్నుపై మితిమీరి ఆధారపడిన ఆ వ్యవస్థ చెల్లదని న్యాయస్థానము 2000లో మరల చెప్పినది, 2002లో మరల చెప్పినది, చెప్పి చేతులు దులుపుకొని తప్పుకొనినది. దేవుడు వరమిచ్చినను పూజారి వరమీయలేదు. కోర్టులో ఓడినవాడు కోర్టులోనే ఏడ్చును, గెలిచినవాడు ఇంటికి వచ్చి ఏడ్చునను మన సామెత ఒహాయో వారి కొరకే పుట్టినదా యనిపించును. సరియైన చందా, సరియైన తీర్పు కలిసినను, శాసనసభకు వెనుకాడని ధైర్యమో, వెనుకాడనీయని ప్రజాభిప్రాయమో లేనిదే బడికి పైకప్పు రాదు.

ఇట్లన్నంతమాత్రమున ఉమ్మడినిధి నిష్ఫలమని నేననుట లేదు. ఆ కూటముల అసలు బలము గెలుపులో కంటె నిలుకడలో నున్నది. కెంటకీ కౌన్సిల్ తీర్పు వచ్చిన మరునాడు దుకాణము కట్టివేయలేదు. నిధులు చాలుట లేదని 2003లో మరల దావా వేసి, 2007లో ఓడినది. ఓడియు చెదరలేదు. ప్రైవేటు బడుల ఫీజులకు ఉపయోగపడు విరాళములకు పన్ను రాయితీ యిచ్చు చట్టమును సవాలుచేసి, 2022 డిసెంబరులో రాష్ట్ర సుప్రీంకోర్టులో గెలిచినది. సార్వజనిక పాఠశాలల వెలుపల ప్రభుత్వధనమును వ్యయము చేయుటకు వీలుగ రాజ్యాంగమునే మార్చుదమని శాసనసభ ప్రతిపాదింపగా, 2024 నవంబరులో కెంటకీ ప్రజలు 120 కౌంటీలలో నొక్కదానిని మినహాయింపక దానిని తిరస్కరించిరి. ఒహాయోలోను పాతకూటమి అనుభవముతో నూతన కూటమి యేర్పడి, ప్రైవేటు బడులకు ఇచ్చు వోచర్లపై 2022లో దావా వేసినది. 2025 జూనులో కొలంబస్ నగరములోని కోర్టు ఆ పథకము రాజ్యాంగవిరుద్ధమని చెప్పగా రాష్ట్రము అప్పీలునకు పోయినది. ఆ కూటమికి చందా ఇచ్చిన డిస్ట్రిక్టులపై శాసనసభలోని కొందరు పెద్దలకు కోపము కలిగినది. కోపము సహజమే, నిధి పనిచేయుచున్నదనుటకు అదియొక ప్రమాణము.

ప్రజాధనమును గూర్చిన ఆ ఆక్షేపమును మాత్రము నేను మరల తలపెట్టక తప్పదు. రాష్ట్రము తన తరపు న్యాయవాదులకు ఇచ్చునదియు ప్రజాధనమే, డిస్ట్రిక్టులు ఇచ్చునదియు ప్రజాధనమే; ఒక్క గృహస్థుడే ఉభయపక్షముల ఖర్చును భరించుచున్నాడు. అతడు ‘నా డబ్బుతో మీరిద్దరును పోట్లాడుకొనుచున్నారా’ యని యడిగినచో తప్పు పట్టజాలము. కాని ఆలోచింపుడు. ఆ ఖర్చు ఆపవలసినదే యైనచో ఏ పక్షమునందు ఆగును? ప్రభుత్వపక్షమున ఆగదు, అటార్నీ జనరలు కార్యాలయము ఎల్లప్పుడు తెరచియే యుండును. ఆగునది బడి పక్షమునందే. ఒకరి చేతిలో కత్తి యుంచి మరియొకరి చేతిలోనిదానిని పొదుపు పేరిట లాగికొనుట తటస్థత యనిపించుకొనదు. చందా స్వల్పముగ నుండవలయును, విద్యార్థుల సంఖ్యను బట్టి యుండవలయును, బహిరంగసభలో తీర్మానింపబడవలయును, వ్యయమైన ప్రతి డాలరునకును లెక్క ప్రచురింపబడవలయును. ఈ నాలుగు నియమములు పాటించిన నిధిని నేను సమర్థింతును. పాటింపనిదానిని, అది ఎంత మంచిపనికి చేరినదైనను, సమర్థింపను.

మన యింటి సంగతి రెండు మాటలలో ముగింతును. పదునాలుగేండ్లలోపు బిడ్డకు విద్య మౌలికహక్కని మన సుప్రీంకోర్టు 1993లో చెప్పిన తీర్పు ఉన్నికృష్ణన్, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రము అను పక్షముల పేరిటనే ప్రసిద్ధము. అది వచ్చినది ప్రైవేటు వృత్తికళాశాలల ఫీజుల తగవులో నగుట గమనింపదగినది. 2002లో అది రాజ్యాంగములో చేరినది, 2009లో చట్టమైనది. హక్కు విషయమున మనము అమెరికా ఫెడరల్ రాజ్యాంగముకంటె ఒక మెట్టు పైననే యున్నాము. అయితే మన జిల్లాపరిషత్తు బడికి తన పేరిట కోర్టుకెక్కు వ్యక్తిత్వము లేదు, ప్రధానోపాధ్యాయుడు ప్రభుత్వోద్యోగి, తల్లిదండ్రుల యాజమాన్యసంఘము చట్టములో నున్నను దాని చేతిలో పైక ముండుట అరుదు. పది మండలముల సంఘములు కలిసి, పిల్లవానికి రూపాయి చొప్పున వేసికొని, ఉపాధ్యాయుల ఖాళీలపై హైకోర్టుకు పోవుట మనము ఇంకను చూడలేదు. కెంటకీని అనుకరింపుడని నేను చెప్పుట లేదు. మన వ్యాజ్యము వ్యక్తుల దయపై నడచుచున్నదని మాత్రము చెప్పుచున్నాను.

అమెరికాలో స్థిరపడిన మన పిల్లలలో పెక్కుమందికి ఇంకను అచ్చటి పౌరసత్వము రాలేదు, ఓటు లేదు. కాని వారు కొనిన ఇండ్లపై స్కూలుపన్ను పూర్తిగ కట్టుచున్నారు. బోర్డు సభలు బహిరంగముగ జరుగును. సామాన్యుడు లేచి కొన్ని నిమిషములు మాటలాడుటకు సాధారణముగ అవకాశముండును. అందుకు పౌరసత్వపు పత్రము అడుగరు. చందా తీర్మానము చర్చకు వచ్చిన సాయంకాలము ఆ సభకు పొండని, ముందు లెక్క అడుగుడని, అది సమంజసమని తోచినచో లేచి సమర్థింపుడని, ఈ వారము వారితో మాటలాడునపుడు దయచేసి చెప్పుడు.